నలభై రెండో కట్ట

కథల గది, నాలుగో అంతస్తు
జూన్ 4

మావయ్యకి,

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "నోటిమాటకి సాక్ష్యం ఉండదే గిలకా, కాగితం మీద పెట్టు" అని కట్ చేస్తావు. మూడు పదుల వయసొచ్చినా నీ చెల్లెలి కూతురు నీకింకా గిలకే కాబట్టి, బుద్ధిగా కాగితం మీదే పెడుతున్నాను.

నాకొక యుద్ధం కావాలి.

నవ్వకు. మా కంపెనీ పెద్ద చారిత్రక సిరీస్ తీస్తుందట. ఏడుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుని యుద్ధాలు వెతుకుతున్నాం. గోడకి తెల్లబోర్డు. దాని మీద ఎపిసోడ్‌కొకటి చొప్పున ఎనిమిది గళ్ళు, ఒక్కో గడి కింద ఎర్ర అక్షరాలతో "ఇక్కడ ఒకడు చావాలి" అని ముందే రాసి పెట్టారు. ఎవడు చావాలో, ఎందుకు చావాలో ఇంకా తెలీదు. మా జట్టుకి అధిపతి వయసు ముప్ఫై నాలుగు. ఆయన్ని అందరూ "పెద్దాయన" అంటారు, అలా పిలవమని ఆయనే చెప్పాడు. ఆయన కోరిక చిన్నదే: "జనానికి బాగా తెలిసిన యుద్ధం కావాలి, కానీ ఎవరికీ తెలియనిది అయ్యుండాలి." అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను, సిగ్గులేకుండా.

ఎవరు తెచ్చిన యుద్ధం ఒప్పుకుంటే తెర మీద మొదటి పేరు వాళ్ళది. ఆరేళ్ళుగా నేను ఇతరుల సంభాషణలకి కామాలు సరిచేస్తున్నాను మావయ్యా. ఈసారైనా నా పేరు చూసుకోవాలని ఉంది. నలభై ఏళ్ళు ఆ రికార్డు గదిలో దుమ్ము పీల్చావు కదా, ఒక్క మంచి యుద్ధం పడెయ్యి.

నీ గిలక


రికార్డు గది, కిటికీ పక్కన
జూన్ 11

గిలకకి,

పదవీ విరమణ అయి పదేళ్ళయినా ఇక్కడ నా కుర్చీని ఎవరూ కదపలేదు. గౌరవం అనుకోకు, కదిపితే దుమ్ము లేస్తుందని భయం. కట్టలు అందించే ఆవిడ రోజూ నా ముందొక గ్లాసు నీళ్ళు పెట్టి, నేను బతికే ఉన్నానో లేదో చూసుకుని వెళుతుంది.

మీ పెద్దాయనకి యుద్ధాలు కావాలా? తీసుకో.

కొండకోట ముట్టడి. పదకొండు నెలలు. లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ వైద్యుడు ఒక్కడే. పొద్దున కోటలో నాడి చూసి, సాయంత్రం గుడారాల్లో మందు నూరేవాడు. వాడికి జబ్బు చేసిన వారానికి రెండు పక్షాలూ యుద్ధం మానుకుని ఇళ్ళకి పోయాయి. మొత్తం చరిత్రలో నాకు మర్యాదస్తుడిగా కనిపించినవాడు వాడొక్కడే. వాడి మీద తీస్తారా? తీయరు. వాడికి గుర్రం లేదు.

ఉప్పుబండ్ల యుద్ధం. రెండు సైన్యాలు ఎదురుపడేలోగా నాలుగువందల ఎద్దులు తాళ్ళు తెంచుకుని అందర్నీ తొక్కేశాయి. రెండు పక్షాలూ విజయస్తంభాలు నిలబెట్టుకున్నాయి. ఆ రెండు స్తంభాల మధ్య ఇప్పుడు బస్సు ఆగుతుంది.

ఒక ఓడల యుద్ధం కూడా ఉంది. పొగమంచులో సొంత ఓడల మీదే ఫిరంగులు పేల్చుకుని, ఒడ్డుకొచ్చి పండగ చేసుకున్నారు.

సినిమావాళ్ళకి పనికొచ్చే యుద్ధం ఒక్కటీ జరగలేదమ్మా. జరిగినవి వాళ్ళకి పనికిరావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మీ బల్ల చుట్టూ ఉన్న ఏడుగురిలో ఒక్కరైనా వంటవాళ్ళ చిట్టా తెరిచి చూశారా? సేనాపతి అబద్ధమాడతాడు. కవి అమ్ముడుపోతాడు. వంటవాడు మాత్రం ఆ పూట ఎంతమంది తిన్నారో అంతే రాస్తాడు. ఒకణ్ణి ఎక్కువ రాస్తే గింజలు తగ్గుతాయి, వాడి వీపు చిట్లుతుంది. తిన్నవాడు బతికున్నవాడు. చరిత్రంటే అంతే, మిగతాదంతా రంగు.

ఒక్క మాట. రాతివంతెన యుద్ధం జోలికి మాత్రం పోకు. అది చిన్నపిల్లల పాఠం. పిల్లల కోసం రాసింది పిల్లలకే వదిలెయ్యాలి.

మావయ్య


కథల గది
జూన్ 25

మావయ్యకి,

నువ్వు పోకన్న చోటికే పోయాం. నేను తీసుకెళ్ళలేదు. వైద్యుడి కథ సగం చెప్పేసరికే పెద్దాయన ఫోను చూసుకున్నాడు. "వంతెన" అన్న మాట నా నోట్లోంచి పొరపాటున వచ్చింది. అంతే, ఆయన లేచి నిలబడ్డాడు. ఏడో తరగతిలో నీ పాఠం చదివాడట! ఆఖరి వాక్యాలు అప్పజెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. "మూడువందల కంచాలు మర్నాడు బోర్లించి ఉన్నాయి. తినేవాళ్ళు రాలేదు. వంతెన దాటి శత్రువూ రాలేదు." మిగతా ఐదుగురూ ఆయన ఏడ్చాడు కదా అని వరసగా ఏడ్చారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాలు. కానీ ఈసారి ఆ దూడ నాది. ఆ పాఠం రాసింది మా మావయ్యే అని చెప్పాను. మొదటి పేరు నాకే ఇచ్చారు.

నాన్నకి చెప్పాను. బాగుచెయ్యాల్సిన కుట్టుమిషన్ల మధ్య కూర్చున్న మనిషి పనిముట్లు పక్కన పెట్టి, బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేనెప్పుడు అడిగినా ఆ పాఠం ఆయన కూర్చుని చెప్పడు. ఒంటి కాలి మీదైనా సరే నిలబడే చెబుతాడు. చెప్పి, "రేపు ఆ మూడువందల మందినీ చూపించేటప్పుడు మూడువందల ఒకటోవాడు నేనని గుర్తుపెట్టుకోవే" అన్నాడు.

నీకు తెలియనిదేముంది. సైన్యంలో ఉండగా వంతెన కాపలా వదిలి వెనక్కి వచ్చెయ్యమని పైనుంచి ఆజ్ఞ వస్తే, నీ పాఠం గుర్తొచ్చి ఇంకో అరగంట నిలబడ్డాడు. ఆ అరగంటలో కాలు పోయింది. ఆసుపత్రి నుంచి నేరుగా నీ దగ్గరికొచ్చి "సార్, నేను మీ పాఠంలో ఉన్నాను" అన్నాడట. నువ్వు లోపలికెళ్ళి మా అమ్మ చేత మంచినీళ్ళు పంపించావట. ఈ కథ మా ఇంట్లో నా పుట్టుక కన్నా ముందు మొదలయ్యేది.

వంటవాళ్ళ చిట్టా చూడమన్నావు కదా. నువ్వు పాఠానికి వాడిన చిట్టా ఏ కట్టలో ఉంది? ఒకసారి చూడాలి.

గిలక


రికార్డు గది
జూలై 9

గిలకకి,

మీ పెద్దాయన ఏడ్చాడని గొప్పగా రాశావు. ఏడో తరగతి పాఠానికి ముప్ఫై నాలుగేళ్ళప్పుడు ఏడ్చేవాడు ఏడో తరగతిలోనే ఆగిపోయాడని అర్థం. నువ్వు మొదటి పేరు కోసం వాడి రుమాలు పట్టుకుని నిలబడ్డావు. బాగుంది.

కట్ట నలభై ఒకటి. అందులో వంతెన దండు చిట్టా ఉంది. ఒక సాయంత్రం మూడువందల మందికి గింజలు, మర్నాటి నుంచి సున్నా. పాఠానికి అంతకన్నా ఏం కావాలి? నలభై రెండో కట్ట చెదలు తినేసింది, దాని కోసం వెతక్కు. అసలు నువ్వు రావలసిన పని కూడా లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సినిమాకి ఆధారాలెందుకు? నాలుగు గుర్రాలు, కాస్త పొగ పెట్టుకోండి, చాలు.

ఇంకా మాట వినేదానివైతే ఈ వంతెనని వదిలిపెట్టు. వైద్యుడి కథ రాయి. అది నిజంగా బాగుంటుంది.

ఈ నెల ఇరవైన నా కుడికంటికి పొర తీస్తారు. చిన్నపని. ఎవరూ రావద్దు.

మావయ్య


రైలు స్టేషన్, వెయిటింగ్ రూము
జూలై 27

మావయ్యకి,

నువ్వు వద్దన్నా వచ్చి, నీ కంట్లో మందు వేసి, నీ చీదరింపులు తిని, వెళ్ళిపోతూ ఇది రాస్తున్నాను. నీ ఎదురుగా చెబితే మళ్ళీ "నోటిమాటకి సాక్ష్యం లేదు" అంటావని.

మంగళవారం నువ్వు కట్టు కట్టుకుని పడుకుంటే, నేను నీ రికార్డు గదికి వెళ్ళాను. నలభై ఒకటి అడిగాను. కట్టలు అందించే ఆవిడ మంచి మనిషి. "నలభై రెండు కూడా తెమ్మంటారామ్మా? రెండూ పక్కపక్కనే ఉంటాయి" అంది.

"అది చెదలు తినేసింది కదా?"

"చెదలా? మా గదిలోనా? సారు వింటే గుండె ఆగిపోద్ది" అంది. సారు అన్నది నిన్నే.

నీ గది పద్ధతి నువ్వే నాకు చిన్నప్పుడు నేర్పావు. ప్రతి కట్టకీ దారంతో ఒక చీటీ. ఎవరు కట్ట విప్పినా దాని మీద పేరు, తేదీ, ఎందుకు విప్పారో రాసి మళ్ళీ ముడెయ్యాలి. నలభై రెండో కట్ట చీటీ మీద ఒకే ఒక్క సంతకం ఉంది. నీది. నలభై అయిదేళ్ళ కిందటిది. పాఠం అచ్చయిన రెండు నెలలకి. కారణం దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలు: "సరిచూచుటకు".

దాని కింద నా పేరూ రాసి, నువ్వు సరిచూసింది నేనూ చూశాను. కింది రేవు దగ్గర వంటవాడి చిట్టా. "వంతెన దండు నుంచి నడిచి వచ్చినవారు రెండువందల తొంభై ఎనిమిది. తిన్నారు. దారి బత్తెం ఇచ్చి ఇళ్ళకు పంపడమైనది." పక్కన చిన్నగా: "శత్రువు ఎగువన లోతు లేని చోట దాటిపోయెను. వంతెన వద్ద పని లేదు. రానివారు ఇద్దరు. ఒకనికి జ్వరము. ఒకడు దారిలో అత్తవారింట ఆగెను."

యుద్ధమే జరగలేదు మావయ్యా. తెల్లవారుజామున మంచులో మూడువందల మంది సామాన్లు సర్దుకుని నడిచి వెళ్ళిపోయారు. నువ్వు వాళ్ళని వంతెన మీద నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ చంపేశావు. సున్నా చూసి పొరపడ్డావు, సరే, ఎవరైనా పొరపడతారు. కానీ రెండు నెలలకే నీకు తెలిసింది. మా నాన్న ఆ పాఠం చదివింది అదే సంవత్సరం. ఆయన వంతెన మీద నిలబడింది ఆ తర్వాత పన్నెండేళ్ళకి. పన్నెండేళ్ళు, మావయ్యా! ఒక్క ఉత్తరం రాయడానికి ఎంతసేపు పడుతుంది?

సేనాపతులనీ, కవులనీ, సినిమావాళ్ళనీ ఇన్నాళ్ళు తిడుతుంటే నీకు నిజం మీద ప్రేమ అనుకున్నాను. తేలుకుట్టిన దొంగ అరవలేక పక్కవాణ్ణి తిట్టినట్టని ఇప్పుడు తెలిసింది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఆ చీటీ చింపేస్తే నీకు ముందే తెలుసన్న సంగతి నాకు తెలిసేది కాదు. ఎందుకు చింపలేదు?


ఇల్లు
ఆగస్టు 3

గిలకకి,

ఒక కన్నుతో రాస్తున్నాను, అక్షరాలు పెద్దవిగా వస్తాయి. నువ్వు రాసిన దాంట్లో సరిచేయవలసింది ఏమీ లేదు.

అప్పుడు నాకు పాతికేళ్ళు. ఆ గదిలో అందరికన్నా చిన్న గుమాస్తాని. పాఠం అచ్చయ్యాక పై అధికారి నన్ను పేరు పెట్టి పిలిచాడు. మా బడి పంతులు వీధిలో ఆపి చెయ్యి పట్టుకున్నాడు. రెండు నెలలకి నలభై రెండు విప్పాను. విప్పి, చదివి, ముడేశాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రోజూ వచ్చింది, రోజూ వెళ్ళింది. ఆఖరికి మీ నాన్న చంకలో కర్రలతో గుమ్మంలోకి వచ్చాక ఇంక రావడం మానేసింది. ఆ కాలు పట్టుకుని "బాబూ, వాళ్ళు చావలేదు" అని ఏ నోటితో చెప్పను? చెల్లెల్ని ఇచ్చాను. నా దగ్గర అంతకన్నా విలువైనది లేదు. అది మంచి పనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం లంచమని కూడా తెలుసు.

పాఠంలో ఆఖరి రెండు వాక్యాలూ నిజమే, గమనించావా? తినేవాళ్ళు రాలేదు. శత్రువూ రాలేదు. మధ్యలోని చావులు మాత్రమే నా సొంతం.

చీటీ ఎందుకు చింపలేదంటావా? రికార్డు గది కాగితం చింపడం నేరం కనక. నువ్విప్పుడు నవ్వు, నేనూ నవ్వుకున్నాను. మూడువందల మందిని చంపడానికి జంకనివాడు, బెత్తెడు కాగితం చింపడానికి చెయ్యి రాక నలభై అయిదేళ్ళు దాన్ని కాపలా కాశాడు. పదవీ విరమణ అయ్యాక కూడా ఆ కుర్చీ వదలనిది చదువు మీద ప్రేమతో కాదు. ఎవరైనా నలభై రెండు అడుగుతారేమోనని. నేను లేని ఒక్క మంగళవారం నువ్వు అడిగావు.

నీ సిరీస్ అలాగే తీసుకో. నీ పేరు ముందే వేసుకో. పాఠ్యపుస్తకాల కార్యాలయానికి నేనే రాస్తాను, నన్ను ఏం చేసినా సరే. మీ నాన్నకి మాత్రం చెప్పకు. ఆయన దగ్గర కాలు లేదు, ఆ పాఠమే ఉంది. అది కూడా లాగెయ్యకు.

మావయ్య


ఇల్లు
ఆగస్టు 19

మావయ్యకి,

చెప్పేశాను.

చెప్పకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం చదివి రెండు వారాలు మింగలేక కక్కలేక తిరిగాను. కానీ పెద్దాయనకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మూడువందల ఒకటో వీరుణ్ణి కెమెరా ముందు నిలబెట్టి పాఠం అప్పజెప్పించి, దాన్నే సిరీస్‌కి ప్రచారంగా వెయ్యాలట. "కాలు కనపడేలా తీద్దాం" అన్నాడు. ఇంటికొచ్చేసరికి నాన్న ఉన్న ఒక్క కాలి బూటుకీ, చెక్కకాలి బూటుకీ కలిపి పాలిష్ పెడుతున్నాడు. పెట్టుడుకాలి బూటు ఇంకాస్త మెరిసేలా. అది చూశాక నావల్ల కాలేదు.

ముందు పెద్దాయనకి చెప్పాను, ఆధారం ఫోటోతో సహా. చూసి, "ఇళ్ళకి పోయినవాళ్ళని ఎవడు చూస్తాడు?" అన్నాడు. చరిత్ర మీ మావయ్యది, సిరీస్ నాది అన్నాడు. ఎనిమిది గళ్ళూ నింపడానికి మూడువందల శవాలు ఉచితంగా దొరికాయి, వదులుకుంటాడా? నా పేరు నేనే కొట్టేసి వచ్చాను. ఇప్పుడు కామాలు సరిచేసే పని కూడా లేదు. కామాలు వాళ్ళకి అలవాటు లేదు కాబట్టి నేను లేనన్న సంగతి వాళ్ళకి తెలియదు కూడా.

తరవాత నాన్నకి. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. నాన్న బాగుచేస్తున్న మిషన్‌ని, గుడ్డ పెట్టకుండానే, చాలాసేపు తొక్కాడు. సూది ఊరికే లేచి పడుతూ ఉంది. ఆగి, "రాని ఇద్దరూ ఏమయ్యారు?" అన్నాడు.

"ఒకడికి జ్వరం. ఒకడు అత్తారింటి దగ్గర ఆగిపోయాడు."

నాన్న నవ్వాడు. నిజంగా నవ్వాడు మావయ్యా. "వాడే తెలివైనవాడు" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూనే ముఖం తిప్పుకున్నాడు.

తరవాత నాకూ అమ్మకీ కూడా ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు. వెనక్కి వచ్చెయ్యమన్న ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన పక్కన ఇంకొకడు ఉన్నాడట. తనకన్నా రెండేళ్ళు చిన్నవాడు, డ్రైవరు. బండి తిప్పేశాడు, "పోదాం రా" అన్నాడు. నాన్న వాడికి నీ పాఠం అప్పజెప్పాడు. వాడు బండి ఆపి దిగాడు.

"నాకు కాలే పోయింది. వాడు మొత్తానికే పోయాడు. ఇన్నేళ్ళూ ఎందుకు నిలబడి చెబుతాననుకున్నావు? ఆ పాఠం నిజం కాకపోతే వాణ్ణి దేనికి దింపినట్టు?" అన్నాడు.

సూది పైకెత్తి పెట్టి, "ఇళ్ళకి పోయారన్న ముక్క మీ మావయ్య అప్పుడే చెప్పుంటే మేమిద్దరం కూడా పోయేవాళ్ళం" అన్నాడు. మళ్ళీ నా వంక చూసి, "అప్పుడు నువ్వుండేదానివి కాదు. ఏ లెక్కన తిట్టాలో మీ మావయ్యని" అన్నాడు.

గురువారం ఉదయం రైలుకి వస్తున్నాడు. ఒక్కడే. నన్ను రావద్దన్నాడు. ప్రపంచంలో ఉన్న అందరి మీదా నీ దగ్గర మాటలున్నాయి కదా. ఆయన కోసం రెండు వెతికి పెట్టుకో.

గిలక


రికార్డు గది
సెప్టెంబరు 2

గిలకకి,

ముందు పనికిమాలిన సంగతి. పాఠ్యపుస్తకాల కార్యాలయానికి ఆరు పేజీల ఒప్పుకోలు రాశాను. నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. ఆ పాఠాన్ని పదకొండేళ్ళ కిందటే తీసేశారట, పుస్తకంలో చోటు చాలక. ఇప్పుడక్కడ పళ్ళు శుభ్రంగా తోముకోవడం గురించి ఉందట. నేను పదకొండేళ్ళుగా లేని పాఠానికి కాపలా కాస్తున్నాను. నా మీద చర్య తీసుకోవడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

ఇక మీ నాన్న. నేను మాటలు వెతికి పెట్టుకోలేదు. పెట్టుకున్నా దండగే అయ్యేది.

ఇక్కడ ఇనుపమెట్లు ఇరవై రెండు. ఒక్కొక్క మెట్టు మీద ఆ చప్పుడు విన్నాను. లోపలికొచ్చి నా వైపు చూడలేదు. కట్టలు అందించే ఆవిడని నలభై రెండు అడిగాడు. ఆవిడ కుర్చీ వేసినా కూర్చోలేదు. నిలబడే చదివాడు. తొంభై ఎనిమిది మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. రాని ఇద్దరి దగ్గరికొచ్చి మళ్ళీ చిన్నగా నవ్వాడు.

"బావా, నన్ను..." అన్నాను.

"తిలా పాపం తలా పిడికెడు బావా. నా పిడికెడు నాకుంది. నీ పిడికెడు కాస్త పెద్దది, అంతే" అన్నాడు.

క్షమించాడని అనుకోకు. ఆ పూట భోజనానికి రమ్మంటే రాలేదు. స్టేషన్‌కి తోడొస్తానన్నా వద్దన్నాడు. నేనూ బతిమాలలేదు. బతిమాలే అర్హత ఉన్నవాడిలా ప్రవర్తించడం ఇంకో అబద్ధం అవుతుంది.

కానీ వెళ్ళేముందు చీటీ అడిగాడు. పద్ధతి ప్రకారం సంతకం పెట్టాలి కదా అన్నాడు. నా సంతకం, నీ సంతకం కింద ఆయన పేరు, తేదీ రాశాడు. కలం పట్టుకుని ఆగి, "గదిలోకి రాలేనివాడి పేరు కూడా రాయొచ్చా?" అని అడిగాడు.

రాయకూడదు. స్వయంగా వచ్చి కట్ట విప్పినవాడు తప్ప ఇంకెవరి పేరూ ఆ చీటీ మీద ఉండకూడదు. అది ఈ గదిలో మొదటి నియమం. దాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

"రాయి బావా" అన్నాను.

ఆ డ్రైవరు పేరు రాశాడు. ఇద్దరికీ కలిపి, కారణం గడిలో, కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మొరటు చేత్తో రాసిన మాటలు నువ్వొచ్చినప్పుడు చూద్దువుగాని. ఇప్పటికి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా:

"ఇంటికి వెళ్ళినవాళ్ళని చూసి పోవడానికి."

మావయ్య